వాదించిన మనిషికి హారతి ఇవ్వొచ్చా? రామానుజుల గురించి అడిగినవారికి

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: ఎం.ఏ. ఫిలాసఫీలో రామానుజులను శంకరుల పక్కన, మధ్వుల పక్కన ఒక తత్త్వవేత్తగా చదివారు. ఆయన వాదాన్ని ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు అని క్లాసులో నేర్పారు. ఇంట్లో అమ్మమ్మగారు ఆయన పటానికి హారతి ఇస్తారు. తిరుమలలో ఆయనకు సన్నిధి ఉంది. "ఒక ఆలోచనాపరుణ్ణి పూజించడం మొదలుపెడితే ఆయనతో వాదించడం ఆగిపోదా? అది ఆయన ఆలోచనకే అవమానం కాదా? ఆయన ఉంటే ఒప్పుకునేవారా?"

నేను కాలేజీలో దర్శనాలు పాఠం చెప్పినవాణ్ణి. ఇంట్లో రోజూ రామానుజుల తనియన్, అంటే ఆయన్ని స్తుతించే శ్లోకం, చెప్పుకునేవాణ్ణి కూడా. మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ముందే సూటిగా చెప్పేస్తాను: పూజ వల్ల వాదం ఆగిపోవాల్సిన పని లేదు. రామానుజుల విషయంలో మొదటి తరంలో అది ఆగలేదు. తర్వాతి తరాల్లో కొన్నిచోట్ల ఆగింది, అక్కడ తప్పు పూజది కాదు, పూజను అడ్డం పెట్టుకుని చదువు మానేసినవాళ్ళది.

ఆయనకు జరిగే గౌరవం ఎంత లోతైందో ముందు చూడండి. సంప్రదాయం లెక్కలో ఆయన 1017లో శ్రీపెరుంబుదూరులో పుట్టి, 120 ఏళ్ళు జీవించి, 1137లో శ్రీరంగంలో పరమపదించారు. చరిత్రకారుల్లో చాలామంది ఈ ఆయుర్దాయాన్ని ఒప్పుకోరు, దాని జోలికి ఇప్పుడు వెళ్ళను. ఆయన మూర్తులు మూడింటిని వైష్ణవులు ప్రత్యేకంగా చెప్పుకుంటారు. కర్ణాటకలోని మేల్కోటలోది శిష్యులు ముచ్చటపడి చేయించుకున్నది, శ్రీపెరుంబుదూరులోది ఆయనే మెచ్చి కౌగిలించుకున్నది, శ్రీరంగంలోది స్వయంగా ఆయన దేహమే అని నమ్మకం. ఇక తిరుమల. విమాన ప్రదక్షిణ మార్గంలో ఉన్న ఆ సన్నిధిని భాష్యకారుల సన్నిధి అంటారు. అంటే బ్రహ్మసూత్రాలకు శ్రీభాష్యం రాసిన మనిషిగానే ఆ కొండ ఆయన్ని గుర్తుపెట్టుకుంది. మిగతా చాలా గుళ్ళలో ఆయన అంజలి ఘటించి, త్రిదండంతో కనబడతారు. తిరుమలలో మాత్రం పాఠం చెబుతున్న ముద్రలో కూర్చుని ఉంటారు. ఈసారి కొండకు వెళ్ళినప్పుడు ఆ చేతిని చూడండి. తత్త్వవేత్తగా ఆయన చేసిన పనిని గుడి దాచిపెట్టలేదు, విగ్రహంలోనే చెక్కి పెట్టింది.

ఇంకో వివరం. వైష్ణవాలయంలో పెరుమాళ్ళ పాదుకలను తల మీద పెట్టినప్పుడు దాన్ని శఠారి అంటారు, అది తమిళ భక్తకవులైన ఆళ్వార్లలో ఒకరు, నమ్మాళ్వారు పేరు. నమ్మాళ్వారు సన్నిధిలో పాదుకలకు పేరు రామానుజం. రామానుజుల సన్నిధిలో పాదుకలకు పేరు ముదలియాండాన్, అంటే ఆయన మేనల్లుడైన దాశరథి. ప్రతివాడూ తన తర్వాతివాణ్ణి కాళ్ళ దగ్గర పెట్టుకుని, వాడి ద్వారానే మనల్ని తాకుతాడు. ఈ వరసలో రామానుజులు ఒక మెట్టు, చివరి మెట్టు కాదు. పూజ అంటే ఒక మనిషిని అందరికీ పైన ఒంటరిగా నిలబెట్టడం అని మీరు అనుకుంటే, ఇక్కడ జరిగేది అది కాదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. దీనికి జవాబు కూరేశుల కథలో ఉంది. తమిళంలో కూరత్తాళ్వాన్. శ్రీభాష్యం రామానుజులు చెబుతుంటే తాటాకు మీద రాసింది ఆయనే. గురుపరంపర కథల ప్రకారం ఇద్దరికీ మధ్య ఒక ఒప్పందం ఉంది: చెప్పింది సమ్మతం కాకపోతే కూరేశులు గంటం ఆపేయాలి. మాట్లాడక్కర్లేదు, ఆపితే చాలు. ఒకచోట రామానుజులు జీవుడి స్వరూపం గురించి చెబుతూ, తెలుసుకునేవాడు కావడమే దాని లక్షణం అన్నట్టు చెప్పుకుపోయారు. గంటం ఆగింది. గురువుగారు మళ్ళీ చెప్పారు. గంటం కదల్లేదు. రామానుజులకు కోపం వచ్చింది. భాష్యం నువ్వే రాసుకో అని లేచి వెళ్ళిపోయారని కథ. కొందరైతే కాలితో తోశారని కూడా చెబుతారు. తోటివాళ్ళు వచ్చి ఇప్పుడేం చేస్తావని అడిగితే, నేను ఆయన సొత్తు, సొత్తును ఏం చేసుకోవాలో యజమాని ఇష్టం అన్నారట కూరేశులు. తర్వాత రామానుజులు కూర్చుని ఆలోచించారు. జీవుడు భగవంతుడికి శేషుడు, అంటే ఆయనకు చెందినవాడు. ఆ మాట లేకుండా జ్ఞానం ఒక్కటే చెబితే నిర్వచనం కుంటుపడుతుంది. శిష్యుడిదే సరైన మాట అని ఒప్పుకుని రాత మళ్ళీ మొదలుపెట్టారు.

ఈ కూరేశులే రాసిన శ్లోకం మీ అమ్మమ్మగారు రోజూ చెప్పుకునే తనియన్:

"యో నిత్యమచ్యుత పదాంబుజ యుగ్మరుక్మ
వ్యామోహతస్తదితరాణి తృణాయ మేనే
అస్మద్గురోర్భగవతోఽస్య దయైకసింధోః
రామానుజస్య చరణౌ శరణం ప్రపద్యే"

అచ్యుతుడి పాదాలనే బంగారం మీద మోహంతో మిగతావన్నీ గడ్డిపరకగా ఎంచినవాడు, దయకు సముద్రం లాంటివాడు, మా గురువు, ఆయన పాదాలే శరణు అని. శ్రీభాష్యం అక్షరం అక్షరం తెలిసినవాడు రాసిన స్తుతిలో భాష్యం ఊసే లేదు గమనించారా? వాదంలో గెలిచినవాడికి దండం అనలేదు. పరమతాలను ఖండించినవాడికి దండం అనలేదు. భక్తికి, దయకు దండం పెట్టాడు. వాదం దగ్గరకు వచ్చేసరికి గంటం ఆపాడు. పాదాలు శరణు అన్నవాడూ, నిర్వచనం తప్పన్నవాడూ ఒకే మనిషి. నా దృష్టిలో మీ ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

తనియన్‌లోని ఆ గడ్డిపరక మాట దగ్గర నాకెప్పుడూ ఇంకొక మహానుభావుడు గుర్తొస్తాడు. యూరప్‌లో క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వైనస్ 1273 డిసెంబరులో ఉన్నట్టుండి రాయడం మానేసి, నేను రాసిందంతా నాకు గడ్డిలా కనిపిస్తోంది అన్నాడని ఆయనతో ఉన్నవాళ్ళు చెప్పారు. 1274లో చనిపోయాడు. 1277లో పారిస్ బిషప్ 219 ప్రతిపాదనలను నిషేధిస్తే అందులో కొన్ని అక్వైనస్ అభిప్రాయాలకు తగిలేవే. 1323లో పోప్ ఆయన్ని సెయింట్‌గా ప్రకటించాడు. 1325లో పారిస్ బిషప్ ఆ నిషేధాన్ని అక్వైనస్ వరకు ఎత్తేశాడు. అంటే అక్కడ సెయింట్ హోదా నేరుగా వాదం మీద పని చేసింది. మీరు భయపడేది సరిగ్గా ఇలాంటిదే, ఆ భయం న్యాయమైనదే. రామానుజులకు అలాంటి విచారణ సంఘం లేదు, ప్రకటన లేదు, తేదీ లేదు. శిష్యులు పాడారు, పాట గుడిలో నిత్యం పాశురాలు చదివే సేవాకాలంలోకి వచ్చింది, అంతే. తిరువరంగత్తముదనార్ ఆయన మీద చెప్పిన 108 పాశురాల ఇరామానుశ నూఱ్ఱందాది ఆళ్వార్ల పాశురాలతో పాటు నాలాయిర దివ్యప్రబంధంలో చేరిపోయింది. మన తాళ్ళపాక అన్నమయ్య కూడా ఆయన్ని "ఘన గురుదైవము" అన్నాడు. ఎవరి ఆజ్ఞా లేకుండా తరాల తరబడి జనం నోట పెరిగిన గౌరవం ఇది.

ఆయన ఒప్పుకునేవారా అని కదా అడిగారు. దీనికి ఒక కథ, ఒక వాదం చెబుతాను.

కథ వడుగ నంబిది. సంస్కృతంలో ఆయన పేరు ఆంధ్రపూర్ణుడు. ఈయనకు రామానుజులే దైవం, పెరుమాళ్ళు కూడా తర్వాతే. ఒకరోజు శ్రీరంగం వీధిలో నంపెరుమాళ్ళ, అంటే అక్కడి ఉత్సవమూర్తి ఊరేగింపు వస్తోంది. మఠం గుమ్మంలో నిలబడి రామానుజులు, రావయ్యా, పెరుమాళ్ళను సేవించుకో అని లోపల ఉన్న శిష్యుణ్ణి పిలిచారు. వడుగ నంబి ఆ సమయంలో రామానుజుల కోసం పాలు కాస్తున్నాడు. మీ పెరుమాళ్ళను చూడడానికి నేను వస్తే మా పెరుమాళ్ళ పాలు పొంగిపోతాయి అన్నాడట. పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. ఈ కథను వైష్ణవులు ఎంతో ఇష్టంగా చెప్పుకుంటారు, నాకూ ఇష్టమే. అయితే ఇందులో పిలిచింది ఎవరో చూడండి. బయటకు రా, ఆయన్ని చూడు అని పిలిచింది రామానుజులే. శిష్యుడి చూపు తన మీద ఆగిపోవడం కాదు, తనను దాటి పెరుమాళ్ళ మీద పడాలన్నదే ఆయన కోరిక.

వాదం ఆయన రాసిన వేదార్థసంగ్రహం చివర్లో ఉంటుంది. తిరుమలలో శ్రీనివాసుడి ఎదుటే ఈ గ్రంథాన్ని వినిపించారని మన సంప్రదాయం. మీరు ఫిలాసఫీ విద్యార్థి కాబట్టి ఆ భాగం తప్పకుండా నచ్చుతుంది. అక్కడ ఎదుటివాడి ప్రశ్న చాలా గట్టిది. పరాధీనంలో ఉన్నదంతా దుఃఖమే అని మనువే చెప్పాడు కదా, సేవను కుక్క బతుకు అన్నాడు కదా, మరి భగవంతుడికి దాస్యం చేయడమే పరమ సుఖం అంటే ఎవరు నమ్ముతారు? సొంత కాళ్ళ మీద నిలబడడం కదా ప్రతివాడూ కోరుకునేది? రామానుజులు దీన్ని దాటవేయరు. మనిషికి ఏది సుఖంగా అనిపిస్తుందన్నది, తాను ఎవరు అనుకుంటున్నాడో దాన్నిబట్టి ఉంటుంది అంటారు. నేనంటే ఈ దేహమే అనుకునేవాడికి దేహానికి తగిన స్వాతంత్ర్యమే సుఖం. ఆత్మ స్వరూపమే పరమాత్మకు చెందినదైతే, ఆయనకు చెందినట్టు బతకడమే దానికి సహజమైన సుఖం. మనువు కుక్క బతుకు అన్నది, సేవకు అర్హుడు కానివాడికి చేసే సేవ గురించి. లోకంలో ఇంకొకరికి లొంగి ఉండడం దుఃఖమే, ఎందుకంటే ఆ ఇంకొకరితో మన ఆత్మకు అలాంటి సంబంధం లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ వాదాన్ని అక్షరాలా తీసుకుంటే సేవకు అర్హుడు పరమపురుషుడు ఒక్కడే. మరి రామానుజుల పాదాలు ఎందుకు పట్టుకోవాలి? దీనికి తర్వాతి ఆచార్యులు చెప్పిన సమాధానం, ఆయన సిద్ధాంతం నుంచే తీసుకున్నది. చిత్తు, అచిత్తు, అంటే జీవులూ జడ ప్రపంచమూ భగవంతుడికి శరీరం. శరీరంలో ఏ భాగాన్ని ఆదరించినా ఆ ఆదరణ శరీరికే చేరుతుంది. భగవంతుడికి చెందడం అంటే ఆయనవాళ్ళకూ చెందడం. కాబట్టి భాగవతుడికి చేసే సేవ భగవంతుడి నుంచి పక్కకు పోవడం కాదు, దాని కొసవరకు వెళ్ళడం. శంకర సిద్ధాంతంలో వ్యక్తి అనే భేదం చివరికి నిలవదు కాబట్టి, ఒక ఆచార్యుడి మూర్తికి శాశ్వతమైన చోటు చూపించడం కష్టం. రామానుజుల సిద్ధాంతంలో జీవుడు నిజం, విగ్రహం నిజం, అర్చామూర్తిలో భగవంతుడు పూర్తిగా ఉండడం నిజం. ఆయన్ని గుడిలో పెట్టడం ఆయన ఆలోచనకు అవమానం కాదని నేను అనడానికి కారణం ఇది. ఆ ఆలోచనలోనే అందుకు చోటుంది. నాకు మాత్రం ఈ సమాధానం సరిపోతుంది. మీకు సరిపోకపోతే ఎక్కడ సరిపోలేదో రాయండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.

ఇక నాకు బాధ కలిగించే సంగతులు. పూజ పేరుతో చదువు ఆగిపోవడం నేను చూశాను. అద్వైతం చెప్పే అవిద్య మీద రామానుజులు చేసిన ఏడు ఆక్షేపణల్లో, అంటే సప్తవిధ అనుపపత్తుల్లో, ఒకదానికి అద్వైతులు ఇచ్చిన జవాబు బలంగా ఉంది అని ఎవరైనా అంటే, "ఆయన ఆదిశేషుడి అవతారం, నువ్వెంత?" అని నోరు మూయించేవాళ్ళు ఉన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు కష్టమవుతుంది. శ్రీభాష్యం మొదటి సూత్రం కింద రామానుజులు అద్వైత పక్షాన్ని పేజీల కొద్దీ, ఎక్కడా వెలితి లేకుండా చెప్పారు. దాన్ని మహాపూర్వపక్షం అనే పిలుస్తారు. మొదటిసారి చదివినవాళ్ళకు ఇది అద్వైతి రాసిన పుస్తకమేమో అనిపించేంత నిజాయితీ అది. ఎదుటివాడి మాటకు అంత గౌరవం ఇచ్చిన మనిషి పేరు చెప్పి ఎదుటివాడి నోరు మూయించడం ఘోరం.

ఇంకోటి, దీన్ని దాచకుండా చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో హైదరాబాద్ దగ్గర ముచ్చింతల్‌లో 216 అడుగుల సమతామూర్తిని ఆవిష్కరించారు. అక్కడికి వెళ్ళే లక్షలమందికి రామానుజులంటే అందరికీ మంత్రం చెప్పిన మహానుభావుడు, సమానత్వం చాటినవాడు. ఆ జ్ఞాపకానికి ఆధారాలున్నాయి: తిరుక్కోట్టియూరు గోపురం ఎక్కి అందరికీ మంత్రం వినిపించిన కథ, కావేరి స్నానం చేసి వస్తూ కింది కులంవాడైన ఉరంగావిల్లి దాసర్ చెయ్యి పట్టుకుని నడిచిన కథ, మేల్కోటలో అంటరానివారిగా చూసిన తిరుక్కులత్తార్‌కు ఆలయ ప్రవేశం. అయితే శ్రీభాష్యంలో అపశూద్రాధికరణం కూడా ఉంది. అందులో శూద్రులకు వేదం ద్వారా బ్రహ్మవిద్యలో అధికారం లేదనే పాత నిర్ణయాన్నే ఆయనా సమర్థించారు, శంకరులలాగే. కథల్లోని రామానుజులు, గ్రంథంలోని రామానుజులు ఈ ఒక్కచోట ఒకరితో ఒకరు కలవరు. వేదవిద్యకు అర్హత వేరు, అందరికీ తెరిచి ఉన్న శరణాగతి వేరు అని సంప్రదాయం సమన్వయం చెబుతుంది. అందులో నిజం ఉంది, కానీ ఆ అధికరణం చదివినప్పుడు కలిగే బాధ దానితో పూర్తిగా పోదు. భక్తి ఎప్పుడూ తనకు కావలసినదాన్ని ఎంచుకుని గుర్తుపెట్టుకుంటుంది. జనం గోపురం కథను ఎంచుకున్నారు. వాళ్ళ ఎంపిక గొప్పదని నా గట్టి నమ్మకం. కానీ ఆ ఎంపిక మనది అని తెలిసి ఉండాలి, గ్రంథం మీదకు నెట్టకూడదు.

ఇంతకీ పూజ లేకపోతే ఏమయ్యేదో ఆలోచించారా? రామానుజులకు ముందు బ్రహ్మసూత్రాల మీద బోధాయన వృత్తి అనే వ్యాఖ్య ఉండేది. ఇప్పుడు లేదు, ఇతరులు ఎత్తి చెప్పిన ముక్కలే మిగిలాయి. ద్రమిడాచార్యుల భాష్యం లేదు. భర్తృప్రపంచుడి గ్రంథాలు లేవు. రామానుజుల మొదటి గురువు యాదవప్రకాశుల బ్రహ్మసూత్ర భాష్యం కూడా పోయింది. పరమగురువు యామునాచార్యుల సిద్ధిత్రయమే అక్కడక్కడ తెగిపోయిన రూపంలో మనకు దక్కింది. ఇవన్నీ చిన్న బుర్రలు రాసినవి కావు. వాటిని రోజూ పొద్దున్నే తలుచుకునేవాళ్ళు లేకపోయారు, అంతే. శ్రీభాష్యానికి మాత్రం, రాసినవాడి పేరు చెప్పి తీర్థం పుచ్చుకునే ఇళ్ళు వేలకొద్దీ ఉన్నాయి. పెద్దల దగ్గర కూర్చుని పంక్తి పంక్తి చెప్పించుకునే కాలక్షేపం ఆ ఇళ్ళలో ఆగలేదు.

1323లో ఢిల్లీ సేనలు శ్రీరంగం మీద పడ్డాయి. ఓరుగల్లు కూలిన సంవత్సరమే అది. శ్రీభాష్యానికి శ్రుతప్రకాశిక అనే పెద్ద వ్యాఖ్య రాసిన సుదర్శన సూరి అప్పటికి వృద్ధుడు. తన తాళపత్రాలనూ పిల్లలనూ మరో ఆచార్యుడు వేదాంతదేశికుల చేతిలో పెట్టారని, దేశికులు శవాల మధ్య పడుకుని రాత్రి గడిపి, వాటిని కాపాడుకుని మేల్కోట వైపు వెళ్ళారని సంప్రదాయం చెబుతుంది. ఒక ఫిలాసఫీ పుస్తకం మీది వ్యాఖ్య కోసం ఎవరైనా అంత తెగిస్తారా? ఆచార్యుడి మాట కాబట్టి తెగించారు. మీరు ఎం.ఏ.లో ఆయన వాదాన్ని ఖండించగలిగారంటే, ఖండించడానికి ఆ గ్రంథం మీ చేతికి చేరింది. చేర్చింది హారతి ఇచ్చినవాళ్ళే.

చివరగా మీరు అడగకపోయినా అడగబోయేది: వాదంలో రామానుజులతో ఏకీభవించకుండా ఆయన సన్నిధిలో తీర్థం తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. రామానుజుల పరంపరలోనే వచ్చిన ఆచార్యులు పిళ్ళై లోకాచార్యులు, వేదాంతదేశికులు మోక్షానికి మనిషి చేయాల్సింది ఏమిటన్న దగ్గరే తేడాగా చెప్పారు. వాళ్ళ తర్వాతివాళ్ళు తెంగలై, వడగలై అని రెండుగా విడిపోయారు. ఇద్దరూ పొద్దున లేచి చెప్పేది కూరేశుల తనియనే. భ్రాంతిలో కూడా కనిపించేది ఏదో ఒక మేరకు ఉన్నదే అన్న ఆయన వాదం మీకు మింగుడు పడకపోతే అది మీ ఒక్కరి సమస్య కాదు, పెద్ద పెద్దవాళ్ళు దాని మీద కుస్తీ పట్టారు.

చదవడానికి వరస చెబుతాను. నేరుగా శ్రీభాష్యంలోకి దిగకండి, మొదటి సూత్రంలోనే నెలలు గడిచిపోతాయి. వేదార్థసంగ్రహంతో మొదలుపెట్టండి, తర్వాత గీతాభాష్యం. గద్యత్రయంలో శరణాగతి గద్యం చిన్నది, దాన్ని అమ్మమ్మగారి పక్కన కూర్చుని చదవండి. ఆవిడకు కంఠస్థం వచ్చే ఉంటుంది. అర్థం మీరు చెప్పండి, ఎక్కడ ఆగాలో ఆవిడ చెబుతారు. ఈ మూడూ అయ్యాక శ్రీభాష్యంలో మొదటి సూత్రం మీది భాగం, జిజ్ఞాసాధికరణం తీయండి, వీలైతే కాలక్షేపం చెప్పే పెద్దవారి దగ్గర. అక్కడ మీకు ఒప్పుకోలేని పంక్తి వస్తే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఇక్కడ రాయండి.